ఏ.ఎస్. రావు గారు, ఆయన కంప్యూటర్లు, మిగిలిన టేపులు

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన బడి పోలింగ్ కేంద్రం అవుతుంది. బెంచీలు ఒక మూలకు జరిపి, మనం ఎక్కాలు అప్పజెప్పిన గదిలోనే అట్టపెట్టె అడ్డం పెట్టి ఓటింగ్ యంత్రం ఉంచుతారు. పెద్దేముల్‌లో ఓటున్న ప్రతి ఒక్కరం ఆ మీట నొక్కినవాళ్లమే. దేశంలో ఆ యంత్రాలు తయారుచేసేవి రెండే సంస్థలు. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. రెండోది మన హైదరాబాదులోని ఈ.సీ.ఐ.ఎల్. ఆ రెండో సంస్థను పునాది రాయి నుంచి నిలబెట్టినాయన అయ్యగారి సాంబశివరావు గారు. ఏ.ఎస్. రావు గారంటే అందరికీ తెలుస్తుంది. తెలుస్తుందని అన్నాను గాని, చాలామందికి తెలిసింది ఏ.ఎస్. రావు నగర్ అనే కాలనీ పేరే. సికింద్రాబాదులో సిటీ బస్సెక్కి ఆ పేరు చెప్పి టికెట్ తీసుకుంటాం. ఆ పేరు గల మనిషి ఒకాయన ఉండేవాడని తట్టదు. నాకూ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం దాకా తట్టలేదు.

స్వర్ణోత్సవ సంచిక కోసం ఒక శాస్త్రవేత్త జీవితం రాసిమ్మని సంఘం మిత్రులు అడిగినప్పుడు నేను రామన్ గారి గురించో, కలాం గారి గురించో రాస్తాననుకున్నారు. వాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. రావు గారి గురించి రాయడానికి నాకు సొంత కారణం ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

ఆయన 1914 సెప్టెంబర్ 20న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి పల్లె. అల్లూరి సీతారామరాజు వంశం వారిదీ ఆ ఊరే. ఒక ఊరు ఒక విప్లవవీరుణ్ణి, ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును ఇచ్చిందంటే మనబోటి పల్లెవాళ్లం కాస్త గర్వపడవచ్చు. రావు గారు పుట్టేనాటికి ఆ పల్లెలకు కరెంటు లేదు. కిరసనాయిలు దీపం ముందు చదువుకున్న పిల్లవాడు తరువాత అణు రియాక్టరుకు కంట్రోల్ ప్యానెల్ చేశాడు.

పై చదువు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సాగింది. ఎం.ఎస్సీ. పూర్తిచేసి అక్కడే అధ్యాపకుడిగా కూడా పనిచేశారు. తెలుగు పల్లె నుంచి కాశీకి చదువుకు పోవడమంటే ఆ రోజుల్లో రైలు మార్గమే రెండు మూడు రోజులు. 1940ల తొలి ఏళ్లలో అక్కడ ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలమది. రేడియో, రాడార్ అనే మాటలు ప్రయోగశాలల్లోంచి యుద్ధరంగంలోకి పోయిన కాలం కూడా అదే. యుద్ధం ముగియగానే, 1946లో, టాటా వారి విద్యార్థి వేతనంతో రావు గారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. అప్పుడు అక్కడ ఇంజనీరింగ్ విభాగానికి డీన్ ఫ్రెడరిక్ టెర్మన్. ఆయన శిష్యులైన హ్యూలెట్, ప్యాకర్డ్ అప్పటికే ఒక కారు షెడ్డులో మొదలుపెట్టిన కంపెనీ నడుపుతున్నారు. విశ్వవిద్యాలయం పక్కనే పరిశ్రమ పెట్టడం, కొలత పరికరాలు తామే చేసుకోవడం, నేర్చుకున్నది వెంటనే తయారీలోకి దించడం అక్కడి పద్ధతి. తరువాత రావు గారు ఇక్కడ చేసిన పనులు చూస్తే ఆ పద్ధతి ఆయనకు బాగా పట్టిందనిపిస్తుంది. ఇది నా ఊహే గాని, గట్టి ఊహ.

తిరిగొచ్చి బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. హోమీ భాభా అప్పుడు విశ్వకిరణాల మీద పరిశోధన చేయిస్తున్నారు. ఆకాశం నుంచి పడే కణాలను లెక్కపెట్టాలంటే గైగర్ కౌంటర్లు కావాలి, వాటి స్పందనలు లెక్కించే సర్క్యూట్లు కావాలి. దేశంలో దొరకవు. విదేశాల నుంచి తెప్పించుకుందామంటే డాలర్లు, పౌండ్లు లేవు. తెప్పించుకున్నా చెడిపోతే బాగుచేసేవాడు లేడు. కాబట్టి ఇక్కడే చేసుకోవాలి. ఆ పని రావు గారి చేతికొచ్చింది. భౌతికశాస్త్రజ్ఞులకు పరికరాలు చేసిచ్చే చిన్న విభాగం పెరిగి ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగమైంది. 1956 ఆగస్టు 4న దేశపు మొదటి అణు రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలైంది. ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది. కంట్రోల్ వ్యవస్థ మాత్రం రావు గారి బృందం చేసింది. రియాక్టర్ కంట్రోల్ అంటే ఏమిటో ఇంజనీర్లు కానివారికి ఒక మాట. లోపల చర్య ఎంత వేగంగా జరుగుతోందో క్షణక్షణం కొలవాలి. గీత దాటితే మనిషి చెయ్యి వేసేలోపే దానంతటది ఆగిపోవాలి. ఒక వాల్వు మాడిపోయినా, ఒక తీగ ఊడినా తప్పు ఆపే వైపే జరగాలి, నడిపే వైపు కాదు. వాక్యూమ్ ట్యూబులతో, నలభైల్లో ఉన్న ఇంజనీరు, ముప్పై నిండని కుర్రాళ్లతో ఇది చేశారంటే మెచ్చుకోవలసిందే.

ఆ పనికి గుర్తింపు వచ్చింది. 1960లో పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగ్ శాస్త్రాల్లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్. వీటిని ఒక్క వాక్యంలో దాటేస్తున్నందుకు క్షమించాలి. అసలు కథ వేరే ఉంది.

1962లో చైనాతో యుద్ధంలో మన సైన్యానికి మంచి వైర్‌లెస్ సెట్లు కూడా చాలినన్ని లేవని తేలింది. మరుసటి ఏడు ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ మీద ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు భాభా. సభ్యులు విక్రమ్ సారాభాయి, సూరి భగవంతం, ఏ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. రాబోయే పదేళ్లలో దేశానికి ఏ పరికరాలు, ఎన్ని కావాలి, అందులో ఏవి సొంతంగా చేయగలం అని లెక్కలు కట్టారు. ఆ నివేదిక బయటికి వచ్చేనాటికి భాభా లేరు. 1966 జనవరి 24న ఆయన ఎక్కిన ఎయిర్ ఇండియా విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్ శిఖరానికి ఢీకొని కూలిపోయింది. నివేదికను ఆచరణలో పెట్టే బరువు మిగిలినవారి మీద పడింది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో, అణుశక్తి శాఖ కింద, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ పుట్టింది. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ రావు గారు. అప్పటికి ఆయనకు 52 ఏళ్లు. ఇంచుమించు ఇప్పటి నా వయసు. ఈ వయసులో బొంబాయిలో కుదిరిన కొలువు వదిలి, నగరం చివర రాళ్లూ తుప్పలూ ఉన్న చోట ఫ్యాక్టరీ పెట్టాలంటే ఎంత ఓపిక కావాలో నాకిప్పుడు అర్థమవుతోంది.

ఇక కంప్యూటర్లు. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వారు 1950ల్లోనే టిఫ్రాక్ అనే పెద్ద కంప్యూటరు సొంతంగా కట్టారు. అది 1960లో పని మొదలుపెట్టింది, కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది. ఒక్కటే యంత్రం. అలాంటిది మరొకటి చేసి అమ్మే పని ఎవరూ పెట్టుకోలేదు. ట్రాంబే వారు అనుకున్నది వేరు. చిన్నది చేయాలి, పదే పదే చేయాలి, అమ్మాలి. 1965లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పీడీపీ-8 అనే యంత్రం తెచ్చింది. గది నిండా కాకుండా ఒక బీరువాలో పట్టే కంప్యూటరు అది. మినీ కంప్యూటర్ అనే మాట అలాంటివాటి వల్లే స్థిరపడింది. ఇంచుమించు ఆ తరహాలోనే ట్రాంబేలో టీడీసీ-12 తయారై 1969లో నడిచింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నదానికి పొట్టిపేరు టీడీసీ. 12 అంటే ఒక్కో మాటకు పన్నెండు బిట్లు. దాన్ని హైదరాబాదులో ఈ.సీ.ఐ.ఎల్. తయారుచేసి అమ్మింది. ఆ తరువాత 1974లో ఐ.సీ.లతో టీడీసీ-312, మరుసటి ఏడు పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1970ల్లో ఇలాంటి యంత్రాలు వందకు దగ్గరగా అమ్ముడుపోయాయి. కొన్నవి ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలే.

ఆ యంత్రం లోపల ఏముండేదో మన పిల్లలకు చెప్పాలి. జ్ఞాపకశక్తి అంటే ఇప్పటిలా నల్లటి చిప్ కాదు. ఆవగింజను మించి పెద్దగా లేని ఫెర్రైట్ రింగులను సన్నని రాగి తీగలకు గుచ్చి జల్లెడలా అల్లేవారు. దాని పేరు కోర్ మెమరీ. ఒక్కో రింగులో ఒక్కో బిట్. అటు అయస్కాంతం చేస్తే ఒకటి, ఇటు చేస్తే సున్నా. నాలుగు వేల మాటల మెమరీ అంటే, లెక్కకు 4,096ను 12తో హెచ్చిస్తే, 49,152 రింగులు. వాటిని చేత్తోనే గుచ్చాలి. పూసలు గుచ్చే ఓపిక, కంటిచూపు ఉన్నవాళ్లే చేయగలిగిన పని. దీనిలో ఒక విచిత్రం ఉంది. రింగులో ఏముందో చదివితే ఉన్నది చెరిగిపోతుంది, చదివిన వెంటనే మళ్లీ రాయాలి. ఇంకొక విచిత్రం, కరెంటు పోయినా రాసింది పోదు. మన దేశపు కరెంటుకు సరిగ్గా సరిపోయిన మెమరీ అని మేం నవ్వుకునేవాళ్లం.

ఆ సంస్థ కంప్యూటర్ల దగ్గరే ఆగలేదు. అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ వ్యవస్థలు, కొలత పరికరాలు, టెలివిజన్లు చేసింది. ఈసీ టీవీ అన్న పేరు నా తరం వాళ్లకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు నేరుగా టీవీ చూపించే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెల్లో, కోళ్ల గూటికి వాడే వలతో చేసిన పెద్ద గొడుగుల వంటి యాంటెన్నాలు పెట్టారు. మన పొరుగున గుల్బర్గా జిల్లా పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ఆ సెట్లు ఈ.సీ.ఐ.ఎల్. చేసినవే. కరెంటు సరిగా లేని చోట, దుమ్ములో, ఎండలో, ఊరివాళ్లే తిప్పుకునేలా నడవాలి. రియాక్టర్ కంట్రోల్ చేసిన చేతులకు ఇది చిన్న పనిగా కనబడి ఉండొచ్చు. నా మటుకు నాకు ఇదీ అంత కష్టమైన పనే.

మెచ్చుకోవడమే కాదు, రెండో వైపూ చెప్పాలి. ఈ.సీ.ఐ.ఎల్. కంప్యూటర్ల మీద ఆ రోజుల్లోనే ఫిర్యాదులున్నాయి. ఖరీదు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ, వాటిమీద నడిచే ప్రోగ్రాములు తక్కువ అని. దిగుమతులు కట్టడి చేసి దీన్నే కొనిపించారన్న కోపం ప్రయోగశాలల్లో ఉండేది. అందులో నిజముంది. విడిభాగాలు చాలా మట్టుకు బయటినుంచే రావాలి, అవి వచ్చేసరికి ప్రపంచం మరో మెట్టు ఎక్కేది. మైక్రోప్రాసెసర్లు వ్యాపించేకొద్దీ బీరువా సైజు కంప్యూటర్ల పనే ముగిసింది. అమ్ముడుపోయిన యంత్రాల లెక్కతో చూస్తే రావు గారిది పెద్ద గెలుపు కాదు. అయితే ఆ యంత్రాలు చేసినవాళ్లు, వాటిని నడిపినవాళ్లు, రిపేరు చేసినవాళ్లు హైదరాబాదులో వందల్లో తయారయ్యారు. 1980ల్లో ఇక్కడ ఏ చిన్న ఎలక్ట్రానిక్స్ షెడ్డుకు పోయినా ఈ.సీ.ఐ.ఎల్. నుంచి వచ్చిన ఒక పెద్దాయన టంకం పట్టుకుని కూర్చుని కనబడేవాడు. నాకు సోల్డరింగ్ సరిగ్గా నేర్పింది అలాంటి పెద్దాయనే. తాండూరు బండల పాలిష్ ఫ్యాక్టరీలో మోటారు కాలిపోతే విప్పి చూడటం తప్ప ఏమీ రాని నాకు, సర్క్యూట్ డ్రాయింగ్ ముందు పెట్టుకుని తప్పు ఎక్కడుందో వేలితో వెతుక్కుంటూ పోవడం ఆయనే నేర్పాడు.

ఇప్పుడు నా సొంత కారణం చెబుతాను.

1990ల మొదట్లో నేను ఒక కార్యాలయంలో కొత్త ఇంజనీరును. పేరు అక్కర్లేదు. అక్కడ ఒక హాల్లో టీడీసీ-316 ఒకటి ఆగిపోయి ఉండేది. పీసీలు రాబోతున్నాయి, హాలు ఖాళీ కావాలి. తుక్కు జాబితా రాయమని నాకు చెప్పారు. బీరువాలు ఎన్ని, ఇనుము ఎన్ని కిలోలు, రాగి తీగ ఎంత అని రాశాను. చివర ఒక ఇనుప అల్మారా నిండా కాగితాలున్నాయి. సర్క్యూట్ డ్రాయింగులు, చేత్తో రాసిన రిపేరు రిజిస్టర్లు, సైక్లోస్టైల్ పుస్తకాలు. పనికిరాని కాగితాలు, ఒక అల్మారా అని ఒక్క లైను రాసి సంతకం పెట్టాను. వారం తిరిగేసరికి లారీలో పోయాయి. నాకు ఆ రోజు కాస్త తేలిగ్గా అనిపించింది కూడా.

సుమారు పదిహేనేళ్ల తర్వాత, అక్కడే పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు నా దగ్గరికి ఒక గోనెసంచితో వచ్చారు. అందులో పన్నెండు టేపు రీళ్లు. అర అంగుళం వెడల్పు, ఒక్కోటి 2,400 అడుగుల పొడవు. మన ఎండిన తాలూకాల్లో 1970ల్లో నెలనెలా కొలిచిన బావుల నీటిమట్టాలు వాటిలో ఉన్నాయని, పారేయడానికి మనసొప్పక ఇంట్లో దాచానని చెప్పారు. చదవగలవా అన్నది ఆయన ప్రశ్న. మన ప్రాంతం సంగతి మీకు తెలుసు. కందికి వాన, వానకు దేవుడు దిక్కు. బోర్లు వేయకముందు మన బావుల్లో నీళ్లెక్కడ ఉండేవో అంకెల్లో చెప్పగలిగేవి అవే అయితే, చదవక తప్పదు.

పాత టేపు చదవడం క్యాసెట్ పెట్టి మీట నొక్కినట్టు కాదు. మొదట టేపు డ్రైవ్ కావాలి. ముగ్గురు మిత్రుల సాయంతో చెడిపోయినది ఒకటి దొరికింది. రబ్బరు రోలర్ తారులా కరిగి అంటుకుంది. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు ఎండిపోయాయి. అలాంటివాటికి ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే పేలతాయి. అందుకే వేరియాక్‌తో కొద్దికొద్దిగా, గంటలకొద్దీ వోల్టేజీ పెంచుతూ మేల్కొల్పాలి. లేవనివాటిని మార్చాలి. ఆ రోలర్ కోసం కుషాయిగూడలో ఒక లేత్ వర్క్‌షాపులో కొత్త రబ్బరు పోయించి చెక్కించాం. డ్రైవ్ తిరగడానికే ఎనిమిది నెలలు, అదీ ఆదివారాలు మాత్రమే.

తరువాత టేపు. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడ్ పొడిని ఒక బంకతో అతికిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బంక గాలిలోని తేమ పీల్చుకుని జిగురవుతుంది. అలాగే తిప్పితే హెడ్‌కు ఆక్సైడ్ ఊడి అంటుకుంటుంది. ఊడినదంటే అక్కడి సమాచారం పోయినట్టే. దీనికి మందు విచిత్రమైనది. టేపును సుమారు 50 డిగ్రీల వేడిలో కొన్ని గంటల పాటు నెమ్మదిగా ఆరబెట్టాలి. కొద్ది రోజులు గట్టిపడుతుంది, ఆ లోపే చదివేయాలి. ఒక కాలేజీ ప్రయోగశాలలో ఓవెన్ అడిగి తీసుకున్నాం. హైదరాబాదు పొడి గాలి కొంత కాపాడింది. అదే టేపులు విశాఖలోనో, బొంబాయిలోనో ఉంటే ఇంతకన్నా దెబ్బతినేవి.

ఇలాంటి అవస్థ పెద్దవాళ్లకూ తప్పలేదు. చంద్రుడి మీద దిగే చోటు వెతకడానికి 1966, 67ల్లో నాసా పంపిన లూనార్ ఆర్బిటర్ నౌకలు తీసిన ఫొటోల అసలు టేపులు ఏళ్ల తరబడి చదివే దిక్కు లేకుండా ఉండిపోయాయి. వాటిని చదవగలిగే డ్రైవులను నాన్సీ ఎవాన్స్ అనే నాసా ఉద్యోగిని పారేయనీయకుండా తన ఇంటి షెడ్డులో దాచిపెట్టారు. 2008లో కొందరు ఇంజనీర్లు వాటిని బాగుచేసి, మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ హోటల్లో కూర్చుని ఆ ఫొటోలను తిరిగి తెచ్చారు. గోనెసంచితో వచ్చిన మన పెద్దాయన కూడా ఆవిడ కోవకు చెందినవారే.

టేపు అడ్డంగా తొమ్మిది దారులు ఉంటాయి. ఎనిమిది దారుల్లో సమాచారం, తొమ్మిదోది సరిచూసుకోవడానికి. అంగుళానికి 1,600 వరుసలు. రీలు నిండా రాస్తే 40 మెగాబైట్లు, అంటే ఇప్పటి ఫోను ఫొటోలు పది. పన్నెండు రీళ్లలో తొమ్మిది పూర్తిగా చదివాం. రెండు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఒకటి అసలు రాలేదు. మొదటి రీలు తెర మీద చూసినప్పుడు అంతా అర్థంలేని గుర్తులే. అక్షరాలు ఐబీఎం వారి పాత సంకేతంలో ఉన్నాయని గుర్తుపట్టి మార్చగానే అంకెలు వరుసలుగా పడ్డాయి. ఏడు, నెల, మీటర్లలో లోతు. వేసవిలో లోతు పెరగడం, భాద్రపదం వచ్చేసరికి నీళ్లు పైకి రావడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. 1972 కరువు ఏడు అడగకుండానే తెలిసిపోయింది. పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి తెర మీద చెయ్యి పెట్టారు.

చిక్కు అప్పుడు తెలిసింది. ప్రతి వరుసలో మొదట ఐదంకెల నంబరు ఒకటుంది. అది బావి నంబరు. ఏ నంబరు ఏ ఊరిదో టేపులో లేదు. స్థలం తక్కువ కాబట్టి ఊరి పేర్లు రాసేవారు కాదు, ఊళ్ల జాబితా విడిగా సైక్లోస్టైల్ పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం ఎక్కడ ఉండేదో పెద్దాయనకు బాగా గుర్తుంది. ఆ హాల్లో, చివరి ఇనుప అల్మారాలో, పై అరలో. అల్మారా ఏమైందో ఆయనకు తెలియదు. నేను చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, టీ అడిగారు.

రావు గారి గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. విదేశీ యంత్రం కొంటే పుస్తకం పోయినా కంపెనీకి రాసి మరొకటి తెప్పించుకోవచ్చు. పీడీపీ-8 పుస్తకాలు ఈ రోజు ఎవరైనా చదువుకోవచ్చు, ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామును ల్యాప్‌టాప్ మీద నడుపుకోవచ్చు. ఇక్కడ చేసుకున్న యంత్రానికి ఇక్కడి డ్రాయింగులే ఆధారం. ఇరవై ఏళ్లకు పైగా కష్టపడి ఒక మనిషి, ఆయన వెనక వందలమంది, గైగర్ కౌంటర్ నుంచి టీడీసీ-316 దాకా గీసుకుంటూ వచ్చిన కాగితాల్లో ఒక అల్మారా బరువు నేను ఒక్క లైనులో తుక్కుకు రాశాను. ఆ రోజు నాకు రావు గారెవరో తెలిసి ఉంటే అలా రాసేవాణ్ణి కాదనే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను. హాలు ఖాళీ కావాలని పై నుంచి ఒత్తిడి గట్టిగా ఉంది.

రావు గారు దాదాపు పదేళ్లు ఈ.సీ.ఐ.ఎల్.ను నడిపి విశ్రాంతి తీసుకున్నారు. అంతకు ముందు తుప్పలున్న ఆ చోట ఉద్యోగుల ఇళ్లు లేచి, ఇళ్లు కాలనీ అయి, కాలనీకి ఆయన పేరు వచ్చింది. తన పేరున్న వీధుల్లో కూరగాయల బండ్లు తిరగడం బతికుండగా చూసిన కొద్దిమందిలో ఆయనొకరు. 2003 అక్టోబర్ 31న, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన మొదలుపెట్టిన సంస్థ కంప్యూటర్లకన్నా ఓటింగ్ యంత్రాలకు పేరుపడింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఆ యంత్రాల మీదే ఓటేసింది, మన బడిలో కూడా.

ఇక మన సంఘం సభ్యులకు ఒక విన్నపం. మనలో రెవెన్యూలో, భూగర్భ జలాలు, వ్యవసాయం, చిన్ననీటి శాఖల్లో చేసి రిటైరైనవారు చాలామంది ఉన్నారు. మన గురువుల్లోనూ జనాభా లెక్కలకు, బావుల లెక్కలకు ఊరూరా తిరిగినవారున్నారు. నేను వెతుకుతున్నది తాలూకాల వారీగా పరిశీలన బావుల జాబితా. సైక్లోస్టైల్ చేసిన పుస్తకం, లేత ఆకుపచ్చ అట్ట, వెడల్పు కాగితం. ఎడమ పక్క ఐదంకెల నంబరు, కుడి పక్క ఊరి పేరు, బావి ఎవరి పట్టాలో ఉందో. 1971 నుంచి 1979 మధ్య ఏ ఏటిదైనా సరే. ట్రంకు పెట్టె అడుగునో, అటక మీదనో, పిల్లల పాత పుస్తకాల కట్టలోనో ఉండొచ్చు. దొరికితే స్వర్ణోత్సవం రోజు తీసుకురండి. ఆ తొమ్మిది రీళ్ల అంకెలూ కాగితం మీదికి తీసి నా వెంట తెస్తాను, ప్రార్థన మైదానం పక్కన వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. 31తో మొదలయ్యే నంబర్లు నలభై దాకా ఉన్నాయి. వాటిలో పెద్దేముల్ బావి ఏదో ఆ రోజు చూసుకుందాం.